డాక్టర్ సలహా: మా ఊరి షుగర్‌కి పురుగుమందులే కారణమా?

ప్రశ్న: మాది కోనసీమలో రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారికి 61 ఏళ్ళు. నాలుగెకరాల వరి, కొంచెం కొబ్బరి ఉన్నాయి. ఎనిమిదేళ్ళుగా షుగర్. రోజూ మాత్రలు వేసుకుంటున్నా మొన్న మూడు నెలల సగటు పరీక్షలో 8.6 వచ్చింది. స్వీట్లు ముట్టుకోరు. మా వీధిలో ఇంటికొకరికి షుగరే. ఎరువులు, పురుగుమందులు కొట్టిన బియ్యం తినడం వల్లేనని అందరూ అంటున్నారు. రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ కలుపుతున్నారనీ అంటున్నారు. బియ్యం మార్చేస్తే మాత్రలు మానేయొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: మానొద్దమ్మా. 8.6 అంటే ఉన్న మందులు సరిపోవడం లేదని అర్థం. ఆయన వయసుకి చాలామందిలో 7 దగ్గరికి తేవాలని చూస్తాం. ముందు చూపించే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, మిగతాది తరవాత మాట్లాడుకుందాం.

పురుగుమందుల సంగతి. కొన్ని రకాల మందులతో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళలో షుగర్ కాస్త ఎక్కువగా కనబడిందని చెప్పే అధ్యయనాలు ఉన్నాయి, కాదనను. కానీ ఆ ప్రమాదం మందు కొట్టే మనిషికి ఎక్కువ, అన్నం తినే మనిషికి తక్కువ. నాన్నగారు స్వయంగా స్ప్రేయర్ భుజానికి తగిలించుకుంటుంటే ముక్కుకి మాస్కు, చేతులకి గ్లౌజులు ఉండాలి. గాలికి ఎదురుగా కొట్టకూడదు. మందు కొట్టొచ్చాక నోట్లో నీళ్ళూరడం, చూపు మసకబారడం, ఒళ్ళు వణకడం కనిపిస్తే మజ్జిగ తాగించి పడుకోబెట్టకండి. మందు డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

అయితే మీ వీధి మొత్తానికి షుగర్ రావడానికి నేను వెతికేది డబ్బాలో కాదు. నిన్న నాన్నగారు ఏం తిన్నారో చెప్పండి. పొద్దున్న పొట్టిక్కలో దిబ్బరొట్టో. మధ్యాహ్నం అన్నం. సాయంత్రం టీతోపాటు ఏ జంతికో. రాత్రి మళ్ళీ అన్నం. పేర్లు నాలుగు, సరుకు మాత్రం చాలావరకు బియ్యమే. కూర నంజుకోవడానికి, పప్పు కలుపుకోవడానికి. నా దగ్గరికి వచ్చే రైతుల్లో రోజుకి దగ్గర దగ్గర అరకిలో బియ్యం లాగించేవాళ్ళు తక్కువేం కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం 2,000 క్యాలరీలు చాలే మనిషికి బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి రోజుకి 250 గ్రాములు సరిపోతాయి. కూరగాయలు 400 గ్రాములు ఉండాలి. మన పళ్ళెంలో ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది.

మీ తాతగారూ అంతే తిని ఉంటారు, ఆయనకి షుగర్ లేదు కదా అంటారు. నిజమే. ఆయన నాగలి పట్టారు, కోత కోశారు, మోపులు మోశారు. ఇప్పుడు దుక్కికి ట్రాక్టరు, కోతకి మెషీను. గట్టు మీదికి కూడా మోటార్ సైకిల్ మీదే వెళ్తున్నాం. అన్నం కొలత మాత్రం తాతలనాటిదే.

మన పళ్ళెం ఇలా ఎందుకైందో కూడా చెప్పాలి, లేకపోతే తప్పంతా మీ నాన్నగారి నాలుకదే అనుకుంటారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలువ నీరొచ్చిన చోటల్లా వరే రాజు. తరవాత 1965లో భారత ఆహార సంస్థ వచ్చింది. ధాన్యానికి మద్దతు ధర, కొనుగోలు కేంద్రం, మిల్లు, గోడౌను, అన్నీ వరి చుట్టూనే అల్లుకున్నాయి. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం తెచ్చింది. ఆ పథకం ఎందరి ఆకలి తీర్చిందో తెలిసినవాణ్ణి, దాన్ని ఒక్క మాట అనను. కానీ దాంతోపాటు మెట్ట ఊళ్ళలో చోడి (రాగి) అంబలి, జొన్న సంకటి పేదవాడి తిండిగా పేరుపడి వంటింట్లోంచి జారిపోయాయి.

2025-26కి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు. మినుముకీ ధర ప్రకటిస్తారు. కానీ ధాన్యం కొన్నట్టు ఊరూరా మినుము కొనే ఏర్పాటు లేదు. సార్వా (వానాకాలం వరి) కోసిన చేలో అపరాలు చల్లుకునే అవకాశం ఉన్నా, నీళ్ళున్నాయంటే రైతు దాళ్వాకే, అంటే రెండో పంట వరికే వెళ్తాడు. నేనైనా అదే చేస్తాను. ధాన్యం గిట్టుబాటు కాక 2011లో కోనసీమ రైతులు సార్వా పంటకి విరామం ప్రకటించారు, గుర్తుందా? అంత కడుపు మండినా తరవాత మళ్ళీ వరే నాటారు. ఊళ్ళో ఏది దండిగా పండితే పళ్ళెంలో అదే గుట్టగా పడుతుంది. ఇంట్లో బస్తాలకి బస్తాలు బియ్యం ఉంటే కందిపప్పు డబ్బా ఎప్పుడూ అడుగునే ఉంటుంది.

బియ్యం మన ఒంటితో ఆడుకోవడం కొత్తేం కాదు. సుమారు వందేళ్ళ కిందట ఈ సర్కారు (కోస్తాంధ్ర) తీరంలోనే బెరిబెరి ఎక్కువగా ఉండేది. కాళ్ళ వాపు, తిమ్మిర్లు, గుండె నీరసం. మిల్లులో తెల్లగా పట్టిన పచ్చిబియ్యంలో తవుడుతోపాటు బి1 విటమిన్ కూడా పోవడమే కారణం. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో ఆ జబ్బు చాలా తక్కువ. వడ్లు ఉడకబెట్టినప్పుడు ఆ విటమిన్ గింజ లోపలికి దిగుతుంది. తమాషా ఏంటంటే, మన దాళ్వా బొండాలు (లావు రకం వడ్లు) ఉప్పుడు బియ్యమై కేరళ వెళ్తాయి, మనం మాత్రం మల్లెపువ్వులాంటి అన్నం కావాలంటాం.

బియ్యం మార్చడం గురించి అడిగారు కదా. మన మారుటేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ, అదే ఎంటీయూ 7029, మీ పొలంలో వేస్తుంటే బజార్లో సన్నబియ్యం కొనకండి. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 2011లో 235 రకాల ఫలితాలు చెప్పింది. షుగర్‌ని ఎంత వేగంగా పెంచుతాయో చెప్పే సూచీ వాటిలో 48 నుంచి 92 దాకా ఉంది. స్వర్ణ తక్కువ వైపు ఉంది. దాన్నే సింగిల్ పాలిష్ పట్టించుకుంటే ఇంకా మంచిది. అలాగని స్వర్ణ కదా అని రెండోసారి వడ్డించుకుంటే మళ్ళీ మొదటికే వస్తుంది. రకం కన్నా కొలత ముఖ్యం.

రేషన్ బియ్యంలో ఉన్నది ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ ఆసిడ్, బి12 కలిపి గింజల్లా చేసి, వందకి ఒకటి చొప్పున కలుపుతూ వచ్చారు. రంగు కాస్త తేడాగా ఉంటుంది, కొన్ని నీళ్ళలో తేలతాయి. ఏరి పారేయకండి. ఇంట్లో ఎవరికైనా తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్తజబ్బు) ఉంటే మాత్రం డాక్టర్‌ని అడిగి వాడండి.

ఇక ఇంట్లో చేయాల్సింది. ఒక వారం నాన్నగారి వాటా బియ్యం విడిగా తూచి వండండి. తూస్తేగాని ఆయనా నమ్మరు, మీరూ నమ్మరు. తరవాత ఒకేసారి సగానికి కోయకుండా వారానికి కొంచెం తగ్గిస్తూ 250 గ్రాముల వైపు రండి. టిఫిన్‌కి వేసే బియ్యం, నూక కూడా ఆ లెక్కలోవే. తగ్గిన చోట గట్టి పప్పు, గుడ్డు, చేపల పులుసులో ముక్కలు పెంచండి. పులుసు అన్నంలో కలిపి ముక్క పిల్లలకిచ్చే అలవాటు మన పెద్దలకి ఉంది. ఈసారి ముక్క ఆయన్నే తినమనండి. ముందు కూరా పప్పూ తిని, అన్నం ఆఖర్న. పొలం గట్ల మీద కంది వేయమనండి, ఇంటికి చాలినంత వస్తే చాలు.

ఒక హెచ్చరిక. ఆయన మాత్రల్లో గ్లిమిపిరైడ్ లాంటిది ఉంటే, అన్నం తగ్గించినప్పుడు షుగర్ పడిపోయి చెమటలు, కళ్ళు తిరగడం రావొచ్చు. అందుకే తగ్గించే ముందు డాక్టర్‌కి చెప్పండి. అదే రోజు కంటి లోపలి పొర, కిడ్నీల కోసం మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ కూడా చూపించుకోండి. ఎనిమిదేళ్ళ షుగర్‌కి ఇవి వాయిదా వేయకూడనివి.

చివరిగా పాదాలు. షుగర్ ఉన్న రైతు ఒట్టి కాళ్ళతో బురదలోకి దిగితే గీత పడ్డా నొప్పి తెలియదు. పైగా తడి చేలో ఎలుకల జ్వరం భయం కూడా ఉంటుంది. గమ్ బూట్లు కొనివ్వండి. బురదలో కూరుకుపోతాయని విసుక్కుంటే కనీసం సాయంత్రం ఇంటికొచ్చాక సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు మీరే లైటు వేసి చూడండి. మూడు నెలల తరవాత మళ్ళీ పరీక్ష చేయించి ఎంత వచ్చిందో రాయండి.