హైటెక్స్‌లో మొదటి స్టాల్ పెడుతున్న చిట్టికి

చిట్టీ,

హైదరాబాదు హైటెక్స్ ఎగ్జిబిషన్‌లో నీ చిరుధాన్యాల పొట్టు తీసే మిషన్ చూపించడానికి స్టాల్ పెడుతున్నావు కదా. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఎగ్జిబిటర్ మాన్యువల్, అంటే స్టాల్ పెట్టేవాళ్లకి ఆర్గనైజర్లు ఇచ్చే నియమాలు, ఫారాల పుస్తకం, నిన్న రాత్రి మొదటి నుంచి చివరిదాకా చదివాను. మీ పిన్ని రెండుసార్లు అన్నానికి పిలిచినా లేవలేదు. "సగం మాటలు అర్థం కాలేదు బాబాయ్, సంతకం పెట్టి పంపేయనా?" అని అడిగావు. పంపకు తల్లీ. అందులో నీకు అర్థం కాని ప్రతి మాట వెనకా ఒక డబ్బు లెక్కో, ఒక గడువు తారీఖో ఉంటుంది. ఇప్పుడు అడిగితే ఊరికే చెబుతారు. అక్కడికెళ్లాక తెలిస్తే బిల్లు చేతికిస్తారు. రైస్‌మిల్లు రబ్బరు రోలర్లు, జల్లెడలు పట్టుకుని పాతికేళ్లుగా ఎగ్జిబిషన్లు తిరిగినవాణ్ని. నాకు తెలిసిన మాటలు తెలిసినట్టు రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు నువ్వు తీసుకునే స్థలం సంగతి. ఫారంలో రెండు రకాలున్నాయి చూడు, షెల్ స్కీం, బేర్ స్పేస్. షెల్ స్కీం అంటే వాళ్లే కట్టి ఇచ్చే గది. మామూలుగా 3 మీటర్లు ఇంటూ 3 మీటర్లు, అంటే 9 చదరపు మీటర్లు. అల్యూమినియం కమ్మీల మధ్య తెల్ల పలకలు బిగించి గోడలు పెడతారు. వాటినే ఆక్టానార్మ్ ప్యానెల్స్ అంటారు. కింద పల్చటి కార్పెట్, ఒక టేబులు, రెండు కుర్చీలు, రెండు మూడు స్పాట్‌లైట్లు, ఒక 5 యాంప్స్ ప్లగ్గు, ఒక చెత్తబుట్ట ఉంటాయి. ఎన్ని ఇస్తారన్నది ఒక్కో షోలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఆ లిస్టు రాతపూర్వకంగా తీసుకో. బేర్ స్పేస్ అంటే ఉత్త నేల. కొందరు రా స్పేస్ అని కూడా రాస్తారు.

నా మొదటి షోలో నేను బేర్ స్పేసే తీసుకున్నాను. చదరపు మీటరు రేటు తక్కువగా కనిపించింది, అదొక్కటే చూశాను. 18 చదరపు మీటర్లు. ముందురోజు సాయంత్రం సామాను దింపి హాల్లోకి వెళ్తే సిమెంటు నేల మీద పసుపు టేపుతో గీసిన గడి, మధ్యలో సుద్దతో రాసిన స్టాల్ నంబరు కనిపించాయి. గోడ లేదు, లైటు లేదు, ప్లగ్గు లేదు. ఆర్గనైజర్ల ఆఫీసుకి పరిగెత్తితే "మీ ఫ్యాబ్రికేటర్ ఎవరు సార్?" అన్నారు. ఆ మాట వినడం అదే మొదటిసారి. బేర్ స్పేస్ తీసుకున్నవాళ్లకి స్టాల్ కట్టిపెట్టే కాంట్రాక్టరే ఫ్యాబ్రికేటర్. రాత్రి 10 దాటాక పక్క స్టాల్ పని ముగించుకున్న కుర్రాళ్లని బతిమాలితే, వాళ్లు అడిగినంత తీసుకుని నాలుగు పలకలు నిలబెట్టారు, మిగిలిన కార్పెట్ ముక్కలు పరిచారు. సగం ఎరుపు, సగం నీలం. షో అయ్యేదాకా ఆ రెండు రంగుల మీద నిలబడే మాట్లాడాను. నీకు మొదటిసారి కాబట్టి షెల్ స్కీం తీసుకో. మిషన్ పట్టదనిపిస్తే 12 చదరపు మీటర్లు తీసుకో గానీ బేర్ స్పేస్ జోలికి పోకు.

ఇక ఫ్లోర్ ప్లాన్. హాల్లో ఏ స్టాల్ ఎక్కడుందో చూపించే పటం. అందులో నీ గడికి ఎన్ని వైపులు తెరిచి ఉంటాయో చూడు. ఒక్క వైపే తెరిచి ఉంటే వన్ సైడ్ ఓపెన్, మూల మీదుంటే టూ సైడ్ ఓపెన్, దాన్నే కార్నర్ స్టాల్ అంటారు. నాలుగు వైపులా ఖాళీగా ఉండేది ఐలాండ్. కార్నర్‌కి పీఎల్‌సీ అని అదనంగా వేస్తారు, అంటే మంచి చోటు ఇచ్చినందుకు తీసుకునే డబ్బు. కార్నర్ బాగుంటుందని అందరూ చెబుతారు, నిజమే. అయితే ఒక సంగతి ఎవరూ చెప్పరు. ఒక వైపు ఎక్కువ తెరుచుకుందంటే ఒక గోడ పోయినట్టే. నీ మిషన్ బొమ్మ, కొర్రలు, సామలు పొట్టు తీసే విధానం, రేటింగులు, ఇవన్నీ అతికించడానికి రెండు గోడలే మిగులుతాయి. గోడమీద చూపించాల్సింది ఎక్కువా, నడిచే మిషన్ చూపించడం ఎక్కువా అని ఆలోచించుకుని నిర్ణయించు. నీకు మిషన్ ఉంది కాబట్టి కార్నర్ తీసుకోమనే అంటాను.

ఫ్లోర్ ప్లాన్‌లో చిన్న నల్ల చతురస్రాలు కనిపిస్తే అవి స్తంభాలు. నీ గడిలో స్తంభం పడితే ఆ చోటుకి కూడా డబ్బు కట్టాలి. ఫైర్ హోస్ పెట్టె ఉన్న చోటికి అడ్డంగా ఏమీ పెట్టనివ్వరు. ఇవి రెండూ లేని నంబరు అడుగు.

ఫేషియా అనే మాట దగ్గర ఆగావని రాశావు. స్టాల్ ముందు నెత్తిమీద ఉండే పట్టీ అది. దానిమీద కంపెనీ పేరు, స్టాల్ నంబరు వినైల్ అక్షరాలతో అంటిస్తారు. ఫారంలో నువ్వు ఏది రాస్తే అక్షరం పొల్లు పోకుండా అదే కొట్టి పెడతారు. నేనొకసారి ఆ గడి ఖాళీగా వదిలేశాను. వాళ్లు బిల్లులో ఉన్న పేరు చూసి నా పేరు పెట్టేశారు, కంపెనీ పేరు కాదు. మిర్యాలగూడ నుంచి వచ్చిన మిల్లు యజమాని ఒకాయన మా కంపెనీ పేరు వెతుక్కుంటూ రెండుసార్లు నా ముందునుంచే నడిచి వెళ్లాడట. తర్వాత ఫోన్లో చెబితే తెలిసింది. పేరు ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి, పక్కన ఇంకెవరిచేతనైనా చదివించి, గడువుకి ముందే పంపు. ఆ గోడ పలకలకి మేకు కొట్టకూడదు, డ్రిల్ వెయ్యకూడదు, డ్యామేజ్ కింద డబ్బు పట్టుకుంటారు. డబుల్ సైడ్ టేపే వాడాలి. బ్యానరు ప్రింటుకి ఇచ్చే ముందు ప్యానెల్ కొలత కాకుండా ప్యానెల్‌లో కనిపించే భాగం కొలత అడుగు. అంచులు కమ్మీలోకి పోతాయి. అది తెలియక ఫోన్ నంబరు చివరి అంకె కమ్మీ వెనక్కి పోయిన బ్యానర్లు చాలా చూశాను.

కరెంటు దగ్గర కాస్త నిలబడు, అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. షెల్ స్కీంతో వచ్చే ప్లగ్గు ఫోన్ ఛార్జింగుకి, లాప్‌టాప్‌కి. నీ పొట్టు తీసే మిషన్‌కి 3 హెచ్‌పీ మోటారు, బ్లోయర్‌కి 1 హెచ్‌పీ అన్నావు. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు. నాలుగూ కలిపితే 3 కిలోవాట్లు అవుతుంది. అలాగని 3 కిలోవాట్లు రాయకు. మోటారు లాక్కునే కరెంటు దాని రేటింగు కన్నా కొంచెం ఎక్కువే ఉంటుంది, పైగా స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలు కన్నా ఎన్నో రెట్లు లాగుతుంది. ఎదురుగా పదిమంది నిలబడి చూస్తుండగా ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే దానంతటదే కరెంటు ఆపేసే స్విచ్చు, పడిపోతుంది. 5 కిలోవాట్లు అని రాయి. సింగిల్ ఫేజా త్రీ ఫేజా అన్నది మోటారు ప్లేటు మీద చూసి రాయి, ఊహించకు. రెండు మోటార్లూ ఒకేసారి ఆన్ చెయ్యొద్దని మీ కుర్రాడికి చెప్పు. ముందు బ్లోయర్, అది అందుకున్నాక మిషన్.

కరెంటు ఫారానికి గడువు తారీఖు ఉంటుంది. దాటితే లేట్ ఛార్జీ, హాల్లోకి వెళ్లాక అడిగితే ఆన్‌సైట్ రేటు, అది ఇంకా ఎక్కువ. సెటప్ పవర్ అని విడిగా ఒకటి కనిపిస్తుంది. షోకి ముందు బిగించుకునే రోజుల్లో వాడుకునే కరెంటు అది. ముందురోజే మిషన్ నడిపి చూడాలంటే అదీ అడగాలి. రాత్రిపూట హాల్లో కరెంటు తీసేస్తారు. ఐస్‌క్రీం ఫ్రీజరు లాంటివి పెట్టేవాళ్లు 24 గంటల లైను విడిగా తీసుకుంటారు, నీకు అక్కర్లేదు. పొట్టు ఎగరకుండా బ్లోయర్ మూతికి గుడ్డ సంచి గట్టిగా కట్టు. పక్క స్టాల్ మీద దుమ్ము పడితే డెమో ఆపెయ్యమంటారు.

పొసెషన్, మూవ్ ఇన్, బిల్డప్, ఈ మూడు మాటలూ దాదాపు ఒకటే. స్థలం నీ చేతికి వచ్చి సామాను పెట్టుకునే సమయం. ఆ రోజుల్లో ఏసీ వెయ్యరు, నీళ్ల సీసాలు ఎక్కువ పట్టుకెళ్లు. మిషన్ బండి మీద నుంచి దించడానికి ఫోర్క్‌లిఫ్టు కావాలంటే మెటీరియల్ హ్యాండ్లింగ్ ఫారం ఉంటుంది, అది అఫీషియల్ ఫార్వర్డర్ అనే కంపెనీకి వెళ్తుంది. బయటి ఫోర్క్‌లిఫ్టుని మామూలుగా లోపలికి రానివ్వరు. మిషన్ బరువు, పెట్టె కొలతలు వాళ్లకి ముందే పంపు. డిస్‌మాంట్లింగ్ అంటే చివరిరోజు విప్పుకోవడం. షో ముగిసే సమయానికి ముందు ఒక్క బోల్టు కూడా విప్పకూడదు. సామాను బయటికి తీసుకెళ్లాలంటే గేట్ పాస్ కావాలి. ఇవ్వాల్సిన బాకీలన్నీ కట్టేస్తేనే ఆ పాస్ మీద సంతకం పెడతారు. ఆ సాయంత్రం అందరూ ఒక్కసారే వస్తారు కాబట్టి మధ్యాహ్నమే వెళ్లి బాకీ తేల్చేసుకో.

కాగితాల సంగతి. విజయవాడ ఆటోనగర్ నుంచి హైదరాబాదు అంటే ఇప్పుడు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రం. నువ్వు అమ్మడానికి కాక చూపించడానికి తీసుకెళ్తున్నావు కాబట్టి ఇన్‌వాయిస్ కాదు, డెలివరీ చలానా రాయాలి. అందులో ఎగ్జిబిషన్ కోసం అని స్పష్టంగా ఉండాలి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటుతుంది గనుక ఈ వే బిల్లు, అంటే సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసుకునే జీఎస్టీ పత్రం, తప్పనిసరి. చివరిరోజు ఎవరో వచ్చి ఈ మిషనే ఇచ్చెయ్యండి, ఇప్పుడే పట్టుకుపోతాం అంటారు, నాకు ప్రతి షోలోనూ ఎదురయ్యేది. తెలంగాణలో నీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు. అక్కడ అమ్మాలంటే క్యాజువల్ టాక్సబుల్ పర్సన్, అంటే తాత్కాలికంగా అమ్ముకునేవాళ్లు అని కనీసం 5 రోజుల ముందు అప్లికేషన్ పెట్టి, అంచనా పన్ను ముందే కట్టి రిజిస్టర్ అవ్వాలి. ఒక్క మిషన్ కోసం అంత పని ఎందుకు? ఆర్డరు రాసుకో, అడ్వాన్సు తీసుకో, విజయవాడ వచ్చాక బిల్లు వేసి పంపు. మీ ఆడిటర్‌తో కూడా ఒక మాట అను. స్టాల్ అద్దె మీద 18 శాతం జీఎస్టీ వేస్తారు, బుకింగ్ ఫారంలో నీ జీఎస్టీ నంబరు తప్పులేకుండా రాస్తేనే అది నీ లెక్కలో చూసుకోవడానికి వీలవుతుంది.

ఇంక మనుషులతో మాట్లాడేటప్పుడు వినబడే మాటలు. ఫుట్‌ఫాల్ అంటే మొత్తం ఎంతమంది వచ్చారని. ఆర్గనైజర్లు ఆ అంకెనే చెబుతారు, నువ్వు దాన్ని చూసి మురిసిపోకు. నాంపల్లి నుమాయిష్‌కి మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా జనం విరగబడి వస్తారు, కానీ వాళ్లు కుటుంబంతో తిరగడానికి, ఇంటికి కావాల్సింది కొనుక్కోవడానికి వస్తారు. అలాంటివాటిని బీటూసీ అంటారు. నీది బీటూబీ, వ్యాపారస్తులు వ్యాపారస్తుల కోసం వచ్చేది. ఢిల్లీలో నవంబరు 14 నుంచి 27 దాకా జరిగే ట్రేడ్ ఫెయిర్‌లో ముందు కొన్ని రోజులు బిజినెస్ డేస్ అని, తర్వాత జనరల్ పబ్లిక్ అని విడదీస్తారు. నీకు కావాల్సింది ఎఫ్‌పీఓ వాళ్లు, అంటే రైతు ఉత్పత్తిదారుల సంఘాలవాళ్లు, మిల్లులు పెట్టాలనుకునేవాళ్లు, డీలర్లు. విజిటర్ ప్రొఫైల్ అంటే అదే, ఎలాంటివాళ్లు వస్తారన్నది. కిందటేడు ప్రొఫైల్ పంపమని ఆర్గనైజర్లని అడుగు.

నిజంగా ఆసక్తి ఉన్నవాడి వివరాలే లీడ్. విజిటింగ్ కార్డు ఒక్కటే అయితే అది లీడ్ కాదు. నేను ఒక పొడుగు పుస్తకం పెట్టుకుంటాను. పేజీకి ఒక్క మనిషి. పైన కార్డు స్టేప్లర్‌తో కొడతాను, కింద ఊరు, ఏ పంట, గంటకి ఎన్ని కిలోలు ఆడించాలి, కరెంటు త్రీ ఫేజ్ ఉందా, డబ్బు సొంతమా లోనా, ఎప్పటిలోగా కావాలి. ఆయన ఎదురుగా ఉండగానే రాస్తాను. ఒక షోలో రద్దీ ఎక్కువై కార్డులన్నీ జేబులో వేసుకున్నాను. ఇంటికొచ్చి బల్ల మీద పరిస్తే ఎవరు ఏమడిగారో ఒక్కటీ గుర్తు రాలేదు. వెంటనే కొనేవాణ్ని హాట్ లీడ్ అంటారు, నేను ఆ పేజీ మూల మడుస్తాను. మడిచిన పేజీలకి వారంలోపు ఫోన్ చెయ్యాలి, అదే ఫాలోఅప్. అవతలివాడు నీ తర్వాత ఇంకో నాలుగు మిషన్లు చూసి ఉంటాడు, ఆలస్యమైతే నీ ముఖం మరిచిపోతాడు.

ధర చెప్పేటప్పుడు మాత్రం నోరు జాగ్రత్త. ఎక్స్ వర్క్స్ అంటే మీ షెడ్డు గేటు దగ్గర ఇచ్చే ధర, లారీ కిరాయి కొనేవాడిదే. ఎఫ్‌ఓఆర్ అంటే ఆయన ఊరికి చేర్చే ధర, కిరాయి నీది. రాయపూర్ నుంచి వచ్చిన ఒకాయన "ఎఫ్‌ఓఆరేనా?" అని అడిగితే, ఏదో పన్ను గురించి అనుకుని అవునన్నాను. కొటేషన్ మీద కూడా అలాగే రాసిచ్చాను. రోలర్లు రాయపూర్ దాకా నా ఖర్చుతో పంపాను, ఆ ఆర్డరులో లాభం మొత్తం కిరాయికే పోయింది. ఎఫ్‌ఓబీ అంటే ఎగుమతి మాట, ఓడ మీదికి ఎక్కించేదాకా ఖర్చు నీది. ఎమ్‌ఓక్యూ అంటే కనీసం ఎన్ని కొనాలన్నది, డీలర్లు అడుగుతారు. లీడ్ టైమ్ అంటే ఆర్డరిచ్చాక ఎన్నాళ్లకి మిషన్ ఇస్తావన్నది. దానికీ లీడ్‌కీ సంబంధం లేదు, కలగలుపుకోకు. నీకు ఒక మిషన్ బిగించడానికి మూడు వారాలు పడుతుంటే మూడు వారాలనే చెప్పు. ఎదుటి మనిషి మొహం చూసి పది రోజులు అనెయ్యకు.

మీ నాన్నతో చెప్పు, పాత ఎగ్జిబిషన్ పెట్టె అటక మీద నుంచి దింపాను. ఎక్స్‌టెన్షన్ బోర్డు, టెస్టరు, కట్టర్, డబుల్ సైడ్ టేపు, స్టేప్లరు, స్పానర్లు, ఒక సగం వాడిన పొడుగు పుస్తకం అన్నీ అందులోనే ఉన్నాయి. ఆదివారం వస్తూ పట్టుకొస్తాను. ఈలోపు ఫ్లోర్ ప్లాన్ పెద్దగా ప్రింట్ తీయించి ఉంచు, ఫారాలు కూర్చుని ఇద్దరం కలిసి నింపుదాం. కరెంటు ఫారం గడువు 20వ తారీఖు, అది ముందు.

మీ బాబాయి