బొద్దింక తల మీద మనసు పడ్డ అమ్మాయి: బీజెడ్‌సీ తర్వాత ఎటు?

ప్రశ్న: మాది హన్మకొండ. మా అమ్మాయి బీఎస్సీ బీజెడ్‌సీ (వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలు) రెండో సంవత్సరం. బొద్దింకలు, ఎండ్రికాయలు, తేళ్ల తలలు ఎలా పరిణామం చెందాయో పరిశోధిస్తానంటోంది. దీనికి భవిష్యత్తు ఉందా? బీఈడీ చేయించడం మేలా?

జవాబు: తలల పరిణామం అనే పేరుతో ఉద్యోగ ప్రకటన ఎక్కడా రాదు, ఇది ముందే తెలుసుకోండి. కానీ ఆ ప్రశ్నను తేల్చాలంటే పిండాభివృద్ధి, జన్యువుల పనితీరు, మైక్రోస్కోపీ నేర్చుకోక తప్పదు. ఏ జీవశాస్త్ర ల్యాబ్‌లోనైనా ఆ పని అక్కరకొస్తుంది. అమ్మాయి మనసు మార్చకండి.

ఆమె పట్టుకున్నది చిన్న ప్రశ్న కాదు. బొద్దింక మీసం, రొయ్య మొదటి జత మీసాలు, తేలు నోటి దగ్గరి చిన్న కెలిసెరాలు చూడ్డానికి పొంతన లేనివి. అయినా మూడింటికీ నరాలు మెదడు రెండో భాగమైన డ్యూటోసెరిబ్రమ్ నుంచే వెళ్తాయి, అంటే అవి తలలోని ఒకే ఖండానివి (ఈ జీవుల ఒళ్లు వరుస ఖండాలుగా ఏర్పడుతుంది). తేలు పెద్ద డెక్కలు ఆ తర్వాతి ఖండానివి, రొయ్య రెండో జత మీసాలకు సాటి. అదే ఖండం బొద్దింకలో ఉంది గానీ దానికి ఏ అవయవమూ లేదు. సాలీళ్లు, తేళ్లలో మీసాల ఖండమే పోయిందని పాత పుస్తకాల్లో ఉంటుంది. 1998లో హాక్స్ జన్యువుల (ఏ ఖండం ఏ భాగంగా మారాలో నిర్ణయించేవి) అధ్యయనాలు ఆ లెక్కను సరిచేశాయి. అరుణాచల్ సియాంగ్ లోయలో దొరికే వెల్వెట్ వార్మ్ (వీటికి దూరపు చుట్టమైన, మెత్తని ఒంటి జీవి) జాతిది మరో తీరు: మీసాలు మెదడు మొదటి భాగానివి, దవడలు రెండో భాగానివి. ఇక పైపెదవి, అదే లేబ్రమ్, ఎలా పుట్టిందన్న వాదన ఇంకా తెగలేదు.

బొద్దింక నోటి భాగాలను స్లైడ్ మీద అమర్చే మౌంటింగ్‌ను చాలామంది రికార్డు కోసం చేసి వదిలేస్తారు. ఆమె శ్రద్ధగా చేయాలి. 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కండ కరిగాక బాగా కడిగి, 30, 50, 70, 90, 100 శాతం ఆల్కహాల్ వరుసగా దాటించి, జైలీన్‌లో ఉంచి, డీపీఎక్స్ అనే జిగురుతో మౌంట్ చేయాలి. జైలీన్ పాలలా తెల్లబడితే నీరు మిగిలినట్టే, మళ్లీ 100 శాతం ఆల్కహాల్‌లో వేయాలి. అయితే ఈ పొటాష్ నరాలనూ కరిగిస్తుంది, ఖండాన్ని తేల్చే సాక్ష్యమే పోతుంది. అందుకే మెదడు చూడ్డానికి వేరే తల తీసుకుని, పెంకు కొంచెం తెరిచి ఫార్మలిన్‌లో వేయాలి. తెరవకపోతే ద్రావణం అందేలోపే లోపల కుళ్లు మొదలవుతుంది.

ఇంట్లో పెంచడానికి గోధుమపిండికి పట్టే ఎర్ర పురుగు ట్రైబోలియమ్ చాలు. తల అభివృద్ధి మీద పనిచేసే ల్యాబ్‌లు వాడేదీ ఇదే. దీని జన్యుక్రమం 2008లో వెలువడింది. మాక్సిల్లోపీడియా అనే జన్యువు చెడితే నోటి పక్కని పాల్ప్‌లు (చిన్న స్పర్శాంగాలు) కాళ్లుగా మారతాయి! పిండిలో 5 శాతం ఈస్ట్ కలిపి 30 డిగ్రీల దగ్గర ఉంచితే సుమారు నెలలో గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా చూడొచ్చు. మన మే నెల ఎండలకు సీసా వేడెక్కితే ఎదుగుదల దెబ్బతింటుంది, చల్లని మూలన పెట్టండి.

పీజీకి రాష్ట్ర ప్రవేశ పరీక్ష సీపీగెట్‌తో కాకతీయ, ఉస్మానియా. కేంద్ర వర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీతో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. ఎంఎస్సీ ప్రవేశ పరీక్ష జామ్‌లో బయోటెక్నాలజీ పేపర్‌తో ఐఐటీలు. జామ్‌లో కొన్ని సీట్లకు ఇంటర్‌లో గణితం అడుగుతారు, బైపీసీ పిల్లలు ముందే చూసుకోవాలి. వ్యవసాయ వర్సిటీల్లో ఎంఎస్సీ ఎంటమాలజీ సాధారణంగా అగ్రికల్చర్ డిగ్రీ వాళ్లకే, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. తర్వాత పరిశోధన ఫెలోషిప్‌కూ, లెక్చరర్ అర్హతకూ పెట్టే సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్: 145లో 75 ప్రశ్నలకు జవాబు రాయాలి, 200 మార్కులు, తప్పు రాస్తే కోత ఉంది. ఐదో యూనిట్ డెవలప్‌మెంటల్ బయాలజీ ఆమెకు ఇష్టమైన సబ్జెక్టే. జేఆర్‌ఎఫ్ (జూనియర్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) అయ్యాక 42,000, ఇంటి అద్దె భత్యం అదనం.

బీఈడీ ఎంఎస్సీ తర్వాతా చేయొచ్చు. ఎంఎస్సీ మీదే జూనియర్ లెక్చరర్ పోస్టుకు, నెట్ లేదా రాష్ట్ర స్థాయి సెట్ ఉంటే డిగ్రీ లెక్చరర్ పోస్టుకు పోటీ పడొచ్చు. ఇప్పుడే బీఈడీలో చేర్పిస్తే ల్యాబ్ పనికి రెండేళ్లు దూరమవుతుంది.