టెక్ సందేహాలు: బేస్ గిటార్ ఎందుకు వినపడటం లేదు?

కిందటి నెల బ్లూటూత్ ఇయర్‌ఫోన్ల గురించి రాస్తూ, బేస్ గిటార్ (పాటకు అడుగున ఉండే లోతైన స్వరాలు పలికే లావు తీగల గిటార్) సాధన చేసేవాళ్లు వాటి జోలికి పోవద్దని ఒక్క వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యానికి నెల్లూరు, కావలి, ఒంగోలు, సింగరాయకొండల నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. చర్చి బృందాల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, కాలేజీ బ్యాండుల్లో బేస్ వాయించేవాళ్లు మన రెండు జిల్లాల్లో ఇంతమంది ఉన్నారని తెలిసి నిజంగా సంతోషం కలిగింది. చదువుకునే రోజుల్లో నేనూ నెల్లూరులో ఒక ఆర్కెస్ట్రాలో మూడేళ్లు ఈ వాద్యమే వాయించాను. అందుకే ఈ వారం చోటంతా వాళ్లకే.

ఒంగోలు నుంచి, చర్చి బృందంలో వాయించే ఒక యువకుడు: మా బృందంలో కీబోర్డు, రిథమ్ ప్యాడ్, డ్రమ్స్, లీడ్ గిటార్ ఉన్నాయి. నా 50 వాట్ల యాంప్లిఫయర్ ఇంట్లో గొప్పగా మోగుతుంది. ఆరాధనలో మాత్రం ‘అసలు నువ్వు వాయించావా?’ అని అడుగుతున్నారు. వాల్యూమ్ పెంచితే హాలంతా గుయ్యిమంటోందని పాస్టర్ గారు తగ్గించమంటారు. క్రిస్మస్‌లోపు 100 వాట్లది కొనమంటారా?

ఇప్పుడే కొనవద్దు. వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం రెట్టింపు కాదు, 3 డెసిబెల్స్ పెరుగుతుంది, అంతే. చెవికి రెండింతలుగా తోచాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పది రెట్ల వాట్లు కావాలి. మీరు పెట్టబోయే డబ్బుకు దక్కేది చాలా స్వల్పం.

మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. హాలు గుయ్యిమంటోంది, కానీ మీరేం వాయిస్తున్నారో తెలియడం లేదు. శబ్దానికి లోటు లేదు, స్వరమే విడిగా తెలియడం లేదు. ముందు హాలు సంగతి చూద్దాం. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ ఒక సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఆ శబ్ద తరంగం పొడవు సుమారు 27 అడుగులు. చాలా హాళ్ల వెడల్పు కూడా ఇంచుమించు అంతే. ఇంత పొడవైన తరంగం ఎదుటి గోడకు తగిలి వెనక్కి వచ్చి, ముందుకు వెళ్తున్న దానితో కలిసి కొన్నిచోట్ల బలపడుతుంది, కొన్నిచోట్ల చల్లారిపోతుంది. గోడ పక్క బెంచీలో కూర్చున్నవారికి గుండె అదురుతుంది, అక్కడికి కొన్ని అడుగుల అవతల కూర్చున్నవారికి దాదాపు ఏమీ వినపడదు. చీమకుర్తి పక్కనే ఉండటంతో మన వైపు నేలంతా నున్నటి గ్రానైట్, గోడలకు తెరలు ఉండవు. అలాంటి హాల్లో పై స్వరాలు కూడా ప్రతిధ్వనించి అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి.

ఒక పని చేయండి. ఖాళీ హాల్లో తోటివారినెవరినైనా ఒకే స్వరం ఆపకుండా వాయించమని చెప్పి, మీరు వేదిక నుంచి గుమ్మం వరకు మెల్లగా నడవండి. స్వరం ఎక్కడ ఉబ్బుతోందో, ఎక్కడ మాయమవుతోందో మీ చెవులకే తెలుస్తుంది. యాంప్లిఫయర్ మూలలో ఉంటే బయటికి జరపండి. రెండు గోడలు, నేల కలిసే చోటు అడుగు శబ్దాన్ని ఎప్పుడూ పెంచేస్తుంది. నేల మీద నుంచి తీసి గట్టి బల్ల మీద పెట్టి, ముఖం మీ చెవుల వైపు వంచండి. ఇన్నాళ్లూ అది మీ మోకాళ్లకు వాయిస్తోంది.

తర్వాత టోన్. ఇంట్లో ఒంటరిగా వాయించేటప్పుడు బేస్ (అడుగు స్వరాలు), ట్రెబుల్ (పై స్వరాలు) నాబులు రెండూ పెంచి మిడ్ (నడిమి స్వరాలు) తగ్గిస్తే వినసొంపుగా ఉంటుంది. దాదాపు అందరూ చేసే పని ఇదే. బృందంలో చేరగానే ఆ టోన్ కరిగిపోతుంది. అడుగున కిక్ డ్రమ్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్) కూర్చుంటుంది, పైన సింబల్స్, లీడ్ గిటార్ ఉంటాయి. మీకు మిగిలిన చోటు మధ్యలోనే, దాన్ని మీరే తగ్గించుకున్నారు. బేస్ నాబు నడిమికి తీసుకురండి. 700 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య కొంచెం పెంచండి, ఏ స్వరమో తెలియజెప్పేది ఆ ప్రాంతమే. హాలు ఉబ్బే 100–250 హెర్ట్జ్ ప్రాంతాన్ని మిక్సర్‌లో తగ్గించండి. ఒంటరిగా వింటే కాస్త ముక్కుతో పాడినట్టు ఉంటుంది. కంగారు పడవద్దు, పాటలో అది చక్కగా ఒదుగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరికి ఉంచాను. మీ కీబోర్డు అన్నయ్య ఎడమ చేయి ఎక్కడ ఉంటోంది? ఒంటరి కచేరీల్లో చేయి తిరిగినవాళ్లు ఎడమ చేతి చిటికెన వేలు, బొటన వేలుతో అడుగు స్వరాన్ని జంటగా నొక్కుతూనే ఉంటారు. అది వాయించవలసింది మీరు. పైగా కీబోర్డులోని స్టైల్ (కీబోర్డు తనంతట తానే వాయించే తాళం, తోడు వాద్యాలు) నడుస్తుంటే అందులోనూ ఒక బేస్ ఉంటుంది. అంటే ఒకే పాటలో ముగ్గురు బేస్ వాయిస్తున్నారు, అందులో ఒకరికి శ్రుతిలో, తాళంలో పిసరంత తేడా ఉన్నా ముగ్గురూ కలిసి ముద్ద అయిపోతారు. చాలా అరేంజర్ కీబోర్డుల్లో స్టైల్‌లోని బేస్ భాగాన్ని ఒక్కదాన్నే ఆపేయవచ్చు.

మా ఆర్కెస్ట్రాలో ఇదే జరిగింది. కీబోర్డు వాయించే అన్న నాకన్నా పదిహేనేళ్లు పెద్ద, ఆయనతో చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఒకనాటి రిహార్సల్‌లో ఎడమ చేతికి కాఫీ గ్లాసు పట్టుకుని కుడి చేత్తోనే పల్లవి వాయించారు. ఆ నాలుగు వరసలు నా తీగలు నాకు మొదటిసారి విడివిడిగా వినిపించాయి. ఆయనకూ వినిపించాయి. గ్లాసు పక్కన పెట్టాక ఎడమ చేయి మోకాలి మీదే ఉంచి, నా వైపు చూసి తల ఊపారు. అంత హాయి నాకు ఏ యాంప్లిఫయర్ వల్లా కలగలేదు. కాబట్టి మీ అన్నయ్యను తప్పుపట్టినట్టు కాకుండా, ‘ఈ ఒక్క పాటకు ఎడమ చేయి ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) పైన పెట్టి చూద్దామా అన్నా’ అని అడగండి. ఆ పాట వెనక బెంచీలో రికార్డు చేసి ఇద్దరూ వైరు హెడ్‌ఫోన్లలో కలిసి వినండి. ఫోను స్పీకర్లో వినవద్దు, అది అంత అడుగు స్వరాలను పలకలేదు.

లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చింది కూడా, మనిషంత ఎత్తున్న డబుల్ బేస్ పెద్ద బ్యాండ్ల హోరులో వినపడని కాలంలోనే. మీ ఇబ్బందికి అంత పాత చరిత్ర ఉంది.

నెల్లూరు నుంచి, పెళ్లి ఆర్కెస్ట్రాలో బేస్ వాయించే ఒకరు: ఫంక్షన్ హాళ్లలో నా గిటార్ నుంచి ఆగకుండా ఝుమ్మని శబ్దం వస్తుంది. ఒకసారి మైకు దగ్గర పెదవి తగిలితే చురుక్కుమంది. ఏ పెడల్ కొంటే ఈ శబ్దం పోతుంది?

పెడల్ మాట తర్వాత. ఆ చురుక్కుమన్నదాన్ని దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. మీ తీగలు యాంప్లిఫయర్ ఎర్త్‌కు, మైకు మిక్సర్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. రెండూ వేర్వేరు బోర్డుల్లో ఉండి, వాటిలో ఒకదానికి ఎర్త్ తెగిపోతే, చేతికీ పెదవికీ మధ్య మీ శరీరమే వైరు అవుతుంది. పందిరి కింద తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడితే చిన్న చురుకు ప్రాణం మీదకు రావచ్చు. మళ్లీ అలా అనిపిస్తే పాట మధ్యలోనైనా సరే, వాయించడం ఆపి మెయిన్ ఆపించండి.

ఈసారి వైరు పెట్టే ముందు వంగి ఎక్స్‌టెన్షన్ బోర్డు వైపు ఒకసారి చూడండి. మూడు కాళ్ల ప్లగ్గులో పైనున్న లావు కాలు విరగ్గొట్టి రెండు రంధ్రాల సాకెట్‌లోకి దూర్చి ఉంటుంది. లేకపోతే ప్లగ్గే ఉండదు, రెండు వైర్ల కొసలు చెక్కి అగ్గిపుల్లలు కొట్టి బిగించి ఉంటాయి. నేను రెండూ చూశాను. విరగ్గొట్టిన ఆ కాలే ఎర్త్. శబ్దం పోతుందని దాన్ని తీసేయమనే సలహా ఎవరిచ్చినా వినవద్దు. బృందం వాయిద్యాలన్నీ, మిక్సర్ కూడా, ఎర్త్ ఉన్న ఒకే బోర్డు నుంచి తీసుకోండి. సీరియల్ సెట్లు, డిమ్మర్ లైట్లు వేరే లైనులో ఉంచమని ఎలక్ట్రీషియన్‌కు ముందే చెప్పండి. హాలు బోర్డుకు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉందా అని కూడా అడగండి, లేకపోతే పెట్టించమనండి. ఇది మొహమాటపడే విషయం కాదు.

ఇక శబ్దం. మన కరెంటు 50 హెర్ట్జ్. లావు తీగ మీద మూడో ఫ్రెట్‌లో (మెడ మీది అడ్డ కడ్డీల్లో మూడోదాని దగ్గర) పలికే స్వరం 49. అంటే ఈక్వలైజర్‌తో ఆ ఝుమ్మనేదాన్ని కోస్తే మీ స్వరమూ తెగుతుంది. అందుకే మూలం వెతకాలి. గిటార్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా శబ్దం అలాగే ఉంటే తప్పు యాంప్లిఫయర్, మిక్సర్ల మధ్య ఉంది. అక్కడ డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు తగినట్టు మార్చే చిన్న పెట్టె) పెట్టి, దాని మీది గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కండి. అది సిగ్నల్ వైరులోని గ్రౌండ్‌ను మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్‌ను ముట్టుకోదు, కాబట్టి భయం లేదు. వాల్యూమ్ తగ్గించగానే శబ్దమూ తగ్గితే అది గిటార్ పికప్ (తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే అయస్కాంత భాగం) పట్టుకుంటున్నది. రెండు పికప్‌లుండే జాజ్ బేస్ రకమైతే వాటి వాల్యూమ్‌లూ సమానంగా ఉంచండి, ఒకదాని శబ్దాన్ని మరొకటి కొట్టేస్తుంది. డీఐ బాక్స్ ఒక్కటే నేను మీకు కొనమని చెప్పే వస్తువు.

కావలి నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి: యాంప్లిఫయర్ కొనే స్తోమత లేదు. హాస్టల్లో ల్యాప్‌టాప్‌కు కలిపి హెడ్‌ఫోన్లలో వింటే, తీగ మీటిన తర్వాత కొంచెం ఆగి శబ్దం వస్తోంది. ల్యాప్‌టాప్ పాతదైనందువల్లా?

ల్యాప్‌టాప్‌ను అనుమానించే ముందు హెడ్‌ఫోన్లు చూడండి. బ్లూటూత్‌వి అయితే చాలావాటిలో 150–200 మిల్లీసెకన్ల ఆలస్యం మామూలే. నిమిషానికి 120 దెబ్బల పాటలో దెబ్బకూ దెబ్బకూ మధ్య 500 మిల్లీసెకన్లు, అందులో నాలుగో వంతు 125. మీరు మీటిన స్వరం అంతకన్నా వెనక వస్తోంది, తాళం ఎలా నిలుస్తుంది? వైరు హెడ్‌ఫోన్లు పెట్టండి.

అప్పటికీ ఆలస్యం ఉంటే సెట్టింగులు మార్చాలి. మైకు జాక్‌లో గిటార్ పెట్టడం మానేసి, చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) ఒకటి సీనియర్ల దగ్గర సెకండ్ హ్యాండ్‌లోనైనా తీసుకోండి. దాని మీద ‘ఇన్‌స్ట్రుమెంట్’ మీట తప్పక ఉండాలి, లేకపోతే గిటార్ శబ్దం పల్చబడి పైస్వరాలు పోతాయి. విండోస్‌లో ఆ కంపెనీ ఇచ్చే ఏసియో డ్రైవరే (ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్) వాడండి. బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి పోగుచేసుకునే శబ్దం ముక్క) 128 శాంపిల్స్, వేగం సెకనుకు 48,000 శాంపిల్స్ అని పెడితే బఫర్ ఆలస్యం ఒక్కో వైపు 2.7 మిల్లీసెకన్లే. రానూపోనూ మొత్తం 10 లోపు ఉంటే చాలు. పది అడుగుల దూరంలోని స్పీకర్ నుంచి గాలిలో శబ్దం రావడానికే 9 మిల్లీసెకన్లు పడుతుంది, అది ఎవరికీ ఆలస్యంగా తోచదు. చిటపటలు వస్తే బఫర్ 256 చేయండి. రికార్డింగ్‌కు రీపర్ 60 రోజులు ఉచితంగా పరీక్షించవచ్చు, యాంప్లిఫయర్ ధ్వనికి న్యూరల్ యాంప్ మోడలర్ పూర్తిగా ఉచితం. హాస్టల్లో రాత్రి పన్నెండుకు ఎవరి నిద్రా చెడకుండా సాధన చేసుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు.

సింగరాయకొండ నుంచి ఒకరు: తీగలు నెల తిరగకుండా తుప్పు పడుతున్నాయి.

ఉప్పుగాలి, చెమట. వాయించే ముందు చేతులు కడగండి, అయ్యాక ప్రతి తీగనూ కింది వైపు కూడా నూలు గుడ్డతో తుడవండి. సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేసి జిప్ మూయండి. కొత్త తీగలు కొనేటప్పుడు పూత ఉన్నవి అడగండి, ధర ఎక్కువైనా తీరంలో అవే చౌక. వానలు మొదలయ్యాక మెడ వంగి తీగలు ఫ్రెట్‌కు తగులుతుంటే ట్రస్ రాడ్‌ను (మెడ లోపల వంపు సరిచేసే ఇనుప కడ్డీని) ఒకసారికి పావు చుట్టు మించి తిప్పవద్దు.

నెల్లూరు మూలాపేట నుంచి ఒక గృహిణి: మా అబ్బాయి 1980ల నాటి పాటల్లో బేస్ నేర్చుకోవాలంటాడు. పాటలో అది విడిగా వినపడదు. దీనికి సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా?

ఉందమ్మా, ఉచితంగానే. కంప్యూటర్లో అల్టిమేట్ వోకల్ రిమూవర్ ఎక్కించుకోండి. అందులో డెమక్స్ అనే పద్ధతి ఎంచుకుంటే పాటను గాత్రం, డ్రమ్స్, బేస్, మిగతావి అని నాలుగు ఫైళ్లుగా విడదీస్తుంది. పాత పాటల్లో తబలా ఎడమ డగ్గా కూడా బేస్ ఫైల్లోకి జారి వస్తుంటుంది, అది చూసి సాఫ్ట్‌వేర్ చెడిందనుకోవద్దు. తర్వాత ఆ బేస్ ఫైలును ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి శ్రుతిని 12 సెమీటోన్లు (అర స్వరాలు) పైకి ఎత్తించండి. సరిగ్గా ఒక ఆక్టేవ్ పైకి వస్తుంది కాబట్టి స్వరాలు మారవు, చిన్న స్పీకర్లలో కూడా స్పష్టంగా తెలుస్తాయి. వేగం సగానికి తగ్గించి రెండు రెండు వరసలుగా నేర్చుకోమనండి. అబ్బాయి చేతులు చిన్నవైతే మామూలు 34 అంగుళాల స్కేల్ (కంపించే తీగ పొడవు) కాకుండా 30 అంగుళాల చిన్న స్కేల్ బేస్ చూడండి, తీగలు నాలుగే చాలు. దుకాణంలో కొనే ముందు లావు తీగ మొదటి ఫ్రెట్ మీద వాడి వేలు నొప్పి లేకుండా ఆనుతోందో లేదో దగ్గరుండి చూడండి.