పట్టా భూమిలోని చిట్టడవికి సాయం ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: మాకు నాలుగున్నర ఎకరాల మెట్ట ఉంది. ఎకరంలో కంది వేస్తాం. రెండెకరాల్లో తాతల నాటి వేపలు, మోదుగలు, రేగు, బలుసు పొదలు అలాగే ఉన్నాయి. నెమళ్లు, కుందేళ్లు, ఉడుములు తిరుగుతుంటాయి. మిగతా ఎకరంన్నరను సర్కారు తుమ్మ కమ్మేసింది. పొదలు కొట్టకుండా, తుమ్మ తీయించి చెట్లు పెంచాలని ఉంది. ప్రభుత్వ సాయం వస్తుందా? కార్బన్ క్రెడిట్ల పేరుతో ఒకరు సంతకం పెట్టమంటున్నారు, పెట్టవచ్చా? – ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: ప్రభుత్వ పథకాల్లో డబ్బు వచ్చేది పనికి. గుంత తీస్తే, మొక్క నాటితే, కుంట తవ్వితే బిల్లు అవుతుంది. పొదల్ని ముట్టుకోకుండా ఉంచినందుకు బిల్లు పెట్టే గడి ఏ ఫారంలోనూ ఉండదు. కాబట్టి మీ ఆలోచనను పనులుగా విడగొట్టి, దేనికి ఏ తలుపు తట్టాలో చూసుకోవాలి.

మొదట తుమ్మ ఉన్న ఎకరంన్నర. ఐదెకరాల లోపు సన్నకారు, చిన్నకారు రైతులు జాబ్ కార్డు ఉండి, ఇంట్లో ఒకరైనా ఆ పనిలో కూలీగా దిగితే, ఉపాధి హామీ కింద సొంత భూమిలో తోటలు, చెట్ల పెంపకం, నీటికుంటలు చేయించుకోవచ్చు. ఎస్సీ, ఎస్టీ, మహిళ పెద్దగా ఉన్న కుటుంబాలకు ముందు వరుస. గ్రామసభలో పని పేరు ఎక్కాలి, పని ఖర్చు అంచనా మంజూరు కావాలి, ఖాళీ నేల ఫొటో జియోట్యాగ్ (ఏ చోట తీశారో గుర్తు పడేలా నమోదు) కావాలి. ఆ తర్వాతే పార పట్టాలి. చాలామంది నష్టపోయేది ఇక్కడే: వాన పడిందని ముందే నాటేస్తారు, ఆ మొక్కలకు బిల్లు రాదు.

ఇంకో చిక్కు జేసీబీ. ఉపాధి పనుల్లో కూలీల బదులు యంత్రాన్ని దించితే చెల్లింపు ఆగిపోతుంది. కానీ సర్కారు తుమ్మ మనుషులతో తేలిగ్గా లొంగే చెట్టు కాదు. నేలమట్టానికి నరికితే మొదలు చుట్టూ గుత్తులుగా పిలకలు లేచి, మునుపటికంటే గుబురవుతుంది. మొగ్గలు వేరు మెడ దగ్గర మట్టిలోనే ఉంటాయి కాబట్టి కనీసం జానెడు లోతు నుంచి మోడును పెకలించాలి. నా సలహా: ఈ పనిని ఉపాధి అంచనాలో పెట్టకండి. ఫిబ్రవరి–మే మధ్య సొంత ఖర్చుతో యంత్రం పెట్టి తీయించండి. బొగ్గు బట్టీలవాళ్లు కలప కొంటారు, ఖర్చు కొంత కలిసివస్తుంది. వానాకాలంలో మాత్రం వద్దు. నెమలి పొద చాటున నేలమీదే గుడ్లు పెట్టే కాలం అది.

ఉపాధి అంచనా గుంతల దగ్గర మొదలవ్వాలి. ఐదు మీటర్ల ఎడంలో ఎకరానికి సుమారు 160 మొక్కలు పడతాయి. సీతాఫలం, ఉసిరి, నేరేడు కలిపి పెట్టండి, పక్షులకూ మీకూ పనికొస్తాయి. చింతకైతే పది మీటర్లు వదలాలి. తర్వాతి ఏళ్ల సంరక్షణ డబ్బు బతికిన మొక్కల లెక్క చూసి ఇస్తారు కనుక, చచ్చిన గుంతల్లో వెంటనే మారు మొక్కలు వేయండి. కుంట మంజూరైతే నాలుగు వైపులా నిటారుగా తవ్వించవద్దు. ఒక పక్క ఒక అడుగు లోతుకు మూడడుగుల వాలు ఉంటే కుందేలైనా, ఉడుమైనా దిగి నీళ్లు తాగి పైకి రాగలవు. లేదంటే అదే వాటి గొయ్యి.

కుంట గట్టున వెదురు వేస్తారా? 2018లో మార్చిన జాతీయ వెదురు మిషన్ లెక్కలో హెక్టారు ఖర్చును లక్ష రూపాయలుగా కట్టి, అందులో సగాన్ని మూడేళ్లలో 50:30:20 చొప్పున రాయితీగా ఇచ్చారు. ఈ ఏడాది యూనిట్ ఖర్చు ఎంతో ఉద్యాన అధికారిని అడగండి. అటవీ భూమి బయట పెరిగే వెదురును 2017లోనే అటవీ చట్టం చెట్ల జాబితా నుంచి తీసేసింది.

ఇక పొదలున్న రెండెకరాలు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 36సి సెక్షన్ కింద, యజమాని తనంతట తాను ముందుకొస్తే ప్రైవేటు భూమినీ రాష్ట్ర ప్రభుత్వం కమ్యూనిటీ రిజర్వుగా, అంటే వన్యప్రాణుల కోసం కాపాడే చోటుగా, ప్రకటించవచ్చు. కేంద్రం వన్యప్రాణి ఆవాసాల అభివృద్ధి పథకం నిధులు ఇలాంటి రిజర్వులకూ వర్తిస్తాయి. కానీ అవి అటవీశాఖ ద్వారా ఆవాస పనులకు వస్తాయి, మీ ఖాతాలో పడవు. నోటిఫికేషన్ వచ్చాక నిర్వహణ కమిటీ తీర్మానం, రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం లేకుండా భూమి వాడకం మార్చలేరు. రేపు బిడ్డ పెళ్లికి అమ్మాల్సి వస్తే కొనేవాడు ఇది చూస్తాడు. చుట్టుపక్కల రైతులూ కలిసి ఓ పెద్ద చెక్కగా వస్తే ఆలోచించండి. రెండెకరాలకు ఒక్కరే ఈ ముడి వేసుకోవడం నాకు సమంజసంగా కనిపించదు.

కార్బన్ సంతకానికి తొందరపడకండి. చెట్లు పీల్చుకున్న కార్బన్‌ను లెక్కగట్టి కంపెనీలకు అమ్మే పత్రాలే ఈ క్రెడిట్లు. ఆ లెక్క ప్రాజెక్టు వల్ల కొత్తగా పెరిగే చెట్లకే, తాతల నాటి వేపలకు కాదు. సహజమైన పొదల్ని కొట్టి ఆ చోట మొక్కలు నాటితే, అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం పదేళ్ల దాకా ఆ నేల క్రెడిట్లకు అనర్హమయ్యే ప్రమాదం ఉంది. ఒప్పందం తెలుగు ప్రతిలో ఇవి వెతకండి: ఎన్నేళ్లు, రైతు వాటా ఎంత, చెట్లు ఎండినా కాలినా నష్టం ఎవరిది, ఆ భూమి మీద బ్యాంకు అప్పు తీసుకోవచ్చా. వీటిలో ఒక్కటి లేకపోయినా కాగితం తిరిగిచ్చేయండి. 2023లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ గ్రీన్ క్రెడిట్ పథకంలో చెట్ల పెంపకం అటవీశాఖ చేతిలోని క్షీణించిన భూములకు ఉద్దేశించింది, మీ పట్టాకు కాదు.

నాటిన చెట్లను ఆ ఏడాదే అడంగల్‌లో (ఏ భూమిలో ఏముందో రాసే రెవెన్యూ రికార్డు) రాయించుకోండి. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద సరుగుడు, జామాయిల్, సుబాబుల్ లాంటివి మినహా పట్టాలోని చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలి. మీరు నాటినవే అనడానికి అప్పుడు అదే ఆధారం. పన్నులోనూ ఇది పనికొస్తుంది: మనిషి శ్రమ లేకుండా దానంతట అదే మొలిచిన చెట్ల కలప ఆదాయం వ్యవసాయ ఆదాయం కాదని సుప్రీంకోర్టు 1957లోనే తేల్చింది.

దరఖాస్తుకు ముందు 1బి (భూమి ఎవరి పేరున ఉందో చూపే రికార్డు) తీయించి చూడండి. భూమి ఇంకా తాతగారి పేరునే ఉంటే మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) అయ్యాకే గ్రామ సచివాలయం మెట్లెక్కండి.