ఏప్రిల్ 14న అగ్నిమాపక దినం ఎందుకు?

ప్రశ్న: ఏటా ఏప్రిల్ 14న మా ఊరి ఫైర్ స్టేషన్‌లో సిబ్బంది అమరులకు నివాళులర్పిస్తారు. అప్పటి నుంచి వారం రోజులు బడులకూ అపార్ట్‌మెంట్లకూ వచ్చి మంటలార్పే పద్ధతులు చూపిస్తారు. ఆ తేదీ ఎందుకని మా అమ్మాయి అడిగితే, బొంబాయి రేవులో ఓడ పేలిందని మాత్రమే చెప్పగలిగాను. అంతమంది ఫైర్‌మెన్ ఒకేచోట ఎలా చనిపోయారు? చుట్టూ సముద్రమే ఉన్నప్పుడు మంటలు ఎందుకు ఆరలేదు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఆ ఓడ పేరు ఫోర్ట్ స్టికైన్. రెండో ప్రపంచ యుద్ధం సాగుతుండగా, 1944 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని బర్కెన్‌హెడ్ నుంచి సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థాలతో బయలుదేరింది. దారిలో కరాచీ వద్ద కొంత సరుకు దించి, ఖాళీ అయిన చోట వేలాది పత్తి బేళ్లనూ నూనె పీపాలనూ ఎక్కించుకుని ఏప్రిల్ 12న బొంబాయి విక్టోరియా డాక్‌కు చేరింది. మందుగుండు ఉన్న ఓడలో పత్తిని నింపడం మామూలు రోజుల్లో ఏ రేవు అధికారీ ఒప్పుకోని పని. యుద్ధ అవసరం పేరుతో ఒప్పుకున్నారు. పేలుడు సరుకు ఉందని తెలిపే ఎర్రజెండాను ఎగరవేసే ఆనవాయితీని కూడా యుద్ధకాలంలో సడలించడంతో, పక్కన లంగరు వేసిన ఓడలవారికీ రేవు కూలీలకూ తమ పక్కన ఏముందో తెలిసే వీలు లేకపోయింది.

ఏప్రిల్ 14 మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో రెండో నంబరు సరుకు గదిలోంచి పొగ రావడం గమనించారు. ఇక్కడే మీ రెండో ప్రశ్నకు సమాధానం ఉంది. గట్టిగా అదిమి కట్టిన పత్తి బేలు పైకి మండదు, లోలోపల రాజుకుంటుంది. పీచుల మధ్య చిక్కుకున్న గాలే ఆ నిప్పుకు ఆధారం. పైనుంచి ఎంత నీరు పోసినా పై పొరలు తడుస్తాయే గాని నిప్పున్న చోటికి నీరు చేరదు. గుంటూరులో గాని ఆదిలాబాద్‌లో గాని జిన్నింగ్ మిల్లులో మంటలు లేచినప్పుడు, అవి పైకి అణగిన తరువాత కూడా సిబ్బంది బేళ్లను ఒక్కొక్కటిగా బయటికి లాగి, విప్పి, తడపవలసి రావడానికి కారణం ఇదే. ఓడ అడుగున, దట్టమైన పొగలో ఆ పని అసాధ్యం. నిప్పు సరిగ్గా ఎక్కడుందో కూడా తెలియని స్థితిలో 900 టన్నులకు పైగా నీటిని లోపలికి పంపారు. ఓడలో ఆ నీరు మరగసాగింది. అంతకన్నా దారుణమేమిటంటే, పత్తి కింది భాగంలోనూ పేలుడు పదార్థాలు దాని పై అంతస్తులోనూ ఉండటం వల్ల, నీటిమట్టం పెరిగేకొద్దీ కాలుతున్న బేళ్లు తేలుతూ పేలుడు పదార్థాలకు దగ్గరయ్యాయి.

అదే సమయంలో ఓడను నడిసముద్రంలోకి లాక్కెళ్లాలా, ఉన్నచోటే ముంచివేయాలా అన్నది తేలనే లేదు. ఓడ కెప్టెన్, రేవు అధికారులు, సైన్యం, అగ్నిమాపక దళం అందరూ అక్కడున్నా, అందరి తరఫునా నిర్ణయం తీసుకునే అధికారం ఏ ఒక్కరికీ లేకపోవడమే ఆ రోజు జరిగిన అన్ని పొరపాట్లలోకీ పెద్దదని నా అభిప్రాయం. 3.50కి ఓడను విడిచిపొమ్మని ఆజ్ఞ వెలువడి నావికులు దిగిపోతున్నా, నీటి గొట్టాలు పట్టుకున్నవారు మాత్రం తమ పని వదలలేదు. 4.06కి మొదటి పేలుడు, 4.34కి అంతకన్నా పెద్దదైన రెండో పేలుడు సంభవించాయి. ఆ అదురు కొలాబా వేధశాలలోని భూకంప యంత్రాల్లో నమోదైంది. 1,700 కిలోమీటర్ల దూరంలోని సిమ్లాలో కూడా దాన్ని గుర్తించారు.

ఆ రోజు 66 మంది అగ్నిమాపక సిబ్బంది మరణించారు. వారితో కలిపి మొత్తం మృతులు 800 నుంచి 1,300 వరకు ఉంటారని అంచనా. మండుతున్న పత్తి, చెక్క, ఇనుప ముక్కలు ఎగిరి పడి రేవు చుట్టుపక్కల బస్తీలు తగలబడ్డాయి. సుమారు 80,000 మంది నిరాశ్రయులయ్యారు. మంటలను అదుపు చేయడానికి మూడు రోజులు పట్టింది. శిథిలాలు తొలగించి రేవును మళ్లీ వాడుకలోకి తేవడానికి వేలాది మంది ఏడు నెలల పాటు శ్రమించారు. యుద్ధకాలపు సెన్సార్ వల్ల పూర్తి వార్త దేశ విదేశాలకు చేరడానికి వారాలు పట్టింది. ఆ ఓడలో 31 పెట్టెల్లో బంగారు కడ్డీలు కూడా ఉండేవి. పూడిక తీసేటప్పుడు కడ్డీ దొరికిందన్న వార్తలు తరువాత దశాబ్దాల్లో కూడా వచ్చాయి. ఆ బంగారం గురించి చెప్పుకున్నంతగా ఆ 66 మంది గురించి చెప్పుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. మీ అమ్మాయి అడిగిన ప్రశ్న అందుకే ఎంతో విలువైనది. ముంబైలోని బైకుల్లాలో, అగ్నిమాపక దళ ప్రధాన కార్యాలయంలో వారి స్మారకం ఉంది. ఏప్రిల్ 14 నుంచి 20 వరకు దేశమంతటా, మన రెండు రాష్ట్రాల్లోనూ అగ్నిమాపక వారోత్సవాలు జరిపేది వారి స్మృత్యర్థమే.

ప్రశ్న: మే 4న కూడా అగ్నిమాపక దినం అంటున్నారు. రెండూ ఒకటేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కావు. మే 4 అంతర్జాతీయ దినం. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, లింటన్ వద్ద 1998 డిసెంబరు 2న అడవి మంటలతో పోరాడుతూ ఐదుగురు స్వచ్ఛంద ఫైర్‌మెన్ మరణించిన తరువాత, 1999 నుంచి దీనిని పాటిస్తున్నారు. ఐరోపాలో అగ్నిమాపకులు తమ రక్షకుడిగా కొలిచే సెయింట్ ఫ్లోరియన్ పండుగ మే 4నే వస్తుంది కాబట్టి ఆ తేదీని తీసుకున్నారు. ఆ రోజు ధరించే రిబ్బన్‌లో ఎరుపు నిప్పుకూ, నీలం నీటికీ గుర్తు.