హీరోకి లోపం పెట్టాలా, మంచివాడిగానే ఉంచాలా?

విశాఖ ఫిషింగ్ హార్బర్ నేపథ్యంలో స్క్రిప్టు రాస్తున్నానని, హీరో మరీ మంచివాడై చప్పగా ఉన్నాడంటున్నారని, తాగుడు అలవాటు పెడితే సరిపోతుందా అని అడిగారు.

సరిపోదు. తాగుడు తీసేసినా కథ అలాగే నడుస్తుందంటే అది లోపం కాదు, వేషం. లోపాన్ని అతని మంచితనంలోనే వెతకండి. ధర్మరాజునే చూడండి. జూదానికి పిలిస్తే కాదనకూడదన్న ఆయన నియమమే అందర్నీ సభలోకి ఈడ్చింది.

మీ హీరో బోటు డ్రైవరు, అడిగినవాడికి లేదనలేడు అనుకుందాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. రాబడి లేని ఆ రోజుల్లో తోటి కలాసీ, అంటే బోటులో పనిచేసేవాడు, చేయి చాస్తే చెల్లెలి కాలేజీ ఫీజు తీసి ఇచ్చేస్తాడు. వెంటనే ఇంటికి కట్ చేయండి: బియ్యం డబ్బా అడుగున అమ్మ గ్లాసుతో గీకుతున్న చప్పుడు. అంతే. అక్కడ ఆవిడ చేత "నీకు మంచితనం ఎక్కువైందిరా" అనిపించారో, సీను పోయినట్టే.

పేజీకి సుమారు నిమిషం లెక్కన 130 పేజీలనుకుంటే, మొదటి 12 పేజీల్లో ఈ గుణం ముచ్చటగా కనిపించాలి. 35 దగ్గర దానివల్లే చిన్న నష్టం, ఇంటర్వెల్‌కి, అంటే 65 ప్రాంతంలో, కోలుకోలేని దెబ్బ. క్లైమాక్సులో మళ్లీ అలాంటి చేయే ముందుకొస్తుంది. ఈసారి ఏం చేస్తాడన్నదే మీ కథ.

చాలా డ్రాఫ్టులు దెబ్బతినేది సెకండాఫ్ ఫ్లాష్‌బ్యాక్‌లో. చిన్నప్పటి కష్టం చూపించి తప్పంతా కడిగేస్తారు. కారణం చెప్పండి, మాఫీ మాత్రం చేయకండి. క్షమించాలో వద్దో చెల్లెలు తేల్చుకోవాలి, మీరు కాదు.

నిస్వార్థ హీరోనే కావాలంటే అదీ పాతబడిపోలేదు, నాకైతే చాలా ఇష్టం కూడా. కాకపోతే అతను మారడు, చుట్టుపక్కలవాళ్లు మారాలి. కాబట్టి మార్పును బోటు ఓనరుకో చెల్లెలికో ఇవ్వండి. అతన్ని మంచీ చెడుల మధ్య కాదు, రెండు మంచి పనుల మధ్య నిలబెట్టండి. తుఫాను హెచ్చరిక వచ్చింది, తను నడిపే బోటులో ఏడుగురు కలాసీలున్నారు, దూరంగా ఇంజిన్ ఆగిపోయిన ఇంకో బోటు. వాళ్లని కాపాడ్డానికి అతను బోటు అటు తిప్పుతానంటే ఆ ఏడుగురూ తలూపకూడదు. ఒక్కడైనా "మరి మా పిల్లల సంగతేటి?" అని అడ్డం పడాలి, ఆ మాటకి హీరో దగ్గర జవాబు ఉండకూడదు.