ఫీజు కట్టేముందు పట్టిక చూడు బిడ్డా

నల్లగొండ

చి.ల.సౌ. సరితకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివిన. ఎంఏ ఇంగ్లిష్ చేయాల్నా, ఎమ్మెస్సీ సైకాలజీనా, లేకుంటే మీ స్టాఫ్‌రూంలో ఎవరో చెప్పిన "హాజరు అక్కర్లేని" బీఎడ్‌లో చేరాల్నా అని అడిగినవు. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతవు, మిగిలిన సగం మీ ఆయన మాటల్లో కలిసిపోతది. అందుకే కాయితం మీద పెడుతున్న.

మొదలు నీ దగ్గర ఉన్నదేందో చూడు. బీజెడ్సీ, అంటే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ డిగ్రీ ఉంది. జిల్లా శిక్షణ సంస్థ డైట్‌ల రెండేళ్లు కూర్చొని చేసిన డీఎడ్, అంటే ప్రాథమిక టీచర్ డిప్లొమా, ఉంది. టీచర్ అర్హత పరీక్ష టెట్‌ల పేపర్-1 పాసైనవు. 2024 డీఎస్సీల, అదే టీచర్ల నియామక పరీక్షల, ఎస్జీటీగా, అంటే ప్రాథమిక బడి టీచరుగా ఎంపికై, ఆ అక్టోబర్‌ల చందంపేట మండలంల తండా బడికి పోయినవు. ఉన్న కొలువుకు ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. "ఒట్టి డీఎడ్" అని మీ బ్యాచ్‌ను తక్కువ చేసి మాట్లాడినోళ్లు, 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతుల కొలువుకు బీఎడ్ అర్హత చెల్లదని తేల్చినంక నోరు మూసుకున్నరు. కాబట్టి ఏదో తక్కువైందన్న భయంతోటి చదవకు. భయంతోటి చేరినోళ్లే ఎక్కువ ఫీజులు కడతరు.

నేను హెడ్మాస్టర్‌గ ఉన్నప్పుడు స్టాఫ్ ఎవరు కోర్సు దరఖాస్తు తెచ్చి సంతకం అడిగినా ఒక్కటే అడిగేదాన్ని: ఇది నీ పోస్టును మారుస్తదా, నీ తరగతిని మారుస్తదా? రెండూ చేసే కోర్సు చానా అరుదు. ఏది ఎందుకు చేస్తున్నవో తెల్వకుంటే, పోస్టు కోసం చేసిన చదువు తరగతిల పనికి రాలేదని ఏడుస్తవు, తరగతి కోసం చేసిన చదువుకు ప్రమోషన్ రాలేదని ఏడుస్తవు.

పోస్టు సంగతి ముందు చెప్త, ఎందుకంటే అక్కడ తప్పుకు మాఫీ లేదు. ఎస్జీటీ నుంచి స్కూల్ అసిస్టెంట్, అంటే పై తరగతులకు ఒక సబ్జెక్టు చెప్పే టీచర్, కావాల్నంటే డిగ్రీల ఆ సబ్జెక్టు ఆప్షనల్‌గ చదివి ఉండాలె, బీఎడ్‌ల అదే సబ్జెక్టు మెథడాలజీ, అంటే బోధన పద్ధతి, ఉండాలె. రెండూ జతపడాలె. మన జిల్లాల ఎంత మంది ఇక్కడ చిక్కుకున్నరో చెప్పలేను. డిగ్రీ బీజెడ్సీ, బీఎడ్‌ల సీటు దొరికిందని గణితం మెథడాలజీ. డిగ్రీల హిస్టరీ, పొలిటికల్ సైన్స్, బీఎడ్‌ల ఇంగ్లిష్. సీనియారిటీ జాబితాల పేరు పైనే ఉంటది, అర్హత గడిలో మాత్రం గీత పడతది. వాళ్ల వెనక పదేళ్ల తర్వాత చేరినోళ్లు ముందుకు పోతరు.

నీ బీజెడ్సీకి నేరుగ కలిసేది జీవశాస్త్రం. ఫిజికల్ సైన్స్ మీద ఆశ పెట్టుకోకు. నీ డిగ్రీల కెమిస్ట్రీ ఒక్కటే ఉంది, ఫిజిక్స్ లేదు. ఇంగ్లిష్ కావాల్నంటే ఎంఏ ఇంగ్లిష్, దాంతో పాటు బీఎడ్‌ల ఇంగ్లిష్ మెథడాలజీ, రెండూ పట్టాలె. ఒట్టి ఎంఏ చేసి ఊకుంటే స్కూల్ అసిస్టెంట్‌కు అది సగం చదువే. ఏదైనా ఫీజు కట్టేముందు కిందటి డీఎస్సీ నోటిఫికేషన్ తీసి, పోస్టుల వారీ అర్హతల పట్టిక ముందట పెట్టుకో. ఆ పట్టికల ఉన్న మాటలు, విశ్వవిద్యాలయం నీ మెమో మీద వేసే మాటలు పక్కపక్కన పెట్టి చూడు. "రెండూ ఒకటేనమ్మా" అని స్టడీ సెంటర్ గుమాస్తా చెప్పిన మాట నీ సర్వీస్ రిజిస్టర్‌ల ఎక్కదు.

సైకాలజీ మంచి చదువే. కానీ ఆ పేరుతోటి మన బడుల్లో పోస్టు లేదు. ఇష్టం కొద్దీ చదువుకుంటానంటే రిటైరయ్యేలోపు ఎప్పుడైనా చదువుకోవచ్చు. ఇప్పుడు నీ పైసలు, ఆదివారాలు దాని మీద పెట్టకు.

ఇగ ఆ హాజరు అక్కర్లేని బీఎడ్. దీని మీద కొంచెం ఎక్కువ రాస్త, కోపం తెచ్చుకోకు. రెగ్యులర్ కాలేజీల పేరు రాయించుకొని, కాలేజీకి పోకుంటనే పరీక్షలు రాసుడు మన దగ్గర ఎప్పటి నుంచో నడుస్తున్నది. "నాన్-అటెండింగ్" అని దానికో ముద్దు పేరు. ఉద్యోగం లేనోళ్లకు అది మోసం. ఉద్యోగం ఉన్నోళ్లకు అది మెడకు ఉరి. ఒకే తారీఖున బడి హాజరు పట్టిల నీ సంతకం, కాలేజీ హాజరు పట్టిల ఇంకో సంతకం. జీతం తీసుకున్న రోజు నువ్వు ఎక్కడున్నవని ఎవరన్న అడిగితే చెప్పడానికి జవాబు ఉండదు. ప్రమోషన్ల వేళ పక్కోడు ఒక ఆర్టీఐ దరఖాస్తు పెడితే చాలు. 2015 నుంచి బీఎడ్ రెండేళ్ల కోర్సు అయింది, బడుల్లో ఇంటర్న్‌షిప్ వారాల తరబడి ఉంటది, కాబట్టి దాచుడు ఇదివరకటి కంటే ఇంకా కష్టం. ఒక్కసారి కూర్చొని పరీక్షలన్నీ రాస్తే చాలనే "వన్ సిట్టింగ్" డిగ్రీల పోస్టర్లు కూడా అదే తోవ. బయటి రాష్ట్రం యూనివర్సిటీ పేరుతోటి మన బస్టాండ్ ఎదురుంగ గది తీసుకొని నడిపేటోళ్లను నమ్మకు. సర్టిఫికెట్ జెన్యూనిటీ కోసం ఆఫీసు నుంచి నేరుగ యూనివర్సిటీకే ఉత్తరం పోతది, జవాబు అక్కడి నుంచే వస్తది.

నీ లాంటోళ్లకు సక్కని తోవ దూరవిద్య బీఎడ్. టీచర్ శిక్షణ కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్సీటీఈ 2014 నిబంధనల ప్రకారం అది ఎవరికి పడితే వాళ్లకు ఇయ్యరు. ప్రాథమిక స్థాయిల శిక్షణ పొంది పని చేస్తున్న టీచర్లకు, లేకుంటే ఎన్సీటీఈ గుర్తింపు ఉన్న ఉపాధ్యాయ శిక్షణను తరగతిల కూర్చొని పూర్తి చేసినోళ్లకు. నువ్వు రెండు లెక్కల్లోనూ వస్తవు. మనకు అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది, ఇగ్నో ఉంది. రెండింటికీ ప్రవేశ పరీక్ష రాయాలె. ఇగ్నోల కనీసం రెండేళ్లు, ఎక్కువల ఎక్కువ ఐదేళ్లు గడువు. పన్నెండు రోజుల చొప్పున రెండు వర్క్‌షాపులు తప్పకుండ పోవాలె. వాటిని "చూద్దాంలే" అనుకున్నోళ్లు గడువు దాటిపోయి మళ్లా మొదటికొస్తరు. ఆ రోజులకు సెలవు ఇప్పుడే లెక్క పెట్టుకో. ఇంకొకటి, ఇగ్నో బోధన పద్ధతుల్లో గణితం, సైన్సు, సోషల్, ఇంగ్లిష్, హిందీ ఉంటయి, తెలుగు ఉండదు. నీతో పాటు చేరుతానన్న మీ తెలుగు ఎంఏ స్నేహితురాలికి ఈ మాట చెప్పు.

ఎప్పుడు చేరాల్నంటే, ప్రొబేషన్ అయినంక. రెండేళ్ల డ్యూటీ నిండాలె, నిండినట్టు ఆర్డర్ చేతికి రావాలె. అందాక అప్లికేషన్‌కు కావాల్సిన కాయితాలు సర్దుకో, పైన ఎవరినీ సెలవు కోసం బతిమాలకు.

చేరేముందు అనుమతి. సర్వీసుల ఉన్నోళ్లు పై చదువుకు ముందస్తు అనుమతి తీసుకోవాలె. దరఖాస్తు జీతాల బిల్లు పెట్టే అధికారి, మీ డీడీవో ద్వారానే పంపు, ఇన్వార్డ్ నంబర్ వేయించుకొని ఒక కాపీ ఇంట్ల పెట్టుకో. నోటి మాట అనుమతి అనుమతి కాదు. సార్ మంచోడే కావచ్చు, రేపు సార్ బదిలీ అయితడు. కోర్సు అయినంక ప్రొవిజనల్ తోటి ఊకోక కాన్వొకేషన్ తీసుకో, మెమోలన్నీ కలిపి సర్వీస్ రిజిస్టర్‌ల ఎంట్రీ వేయించు, ఆ పేజీ ఫోటో తీసుకో. మన ఆడపిల్లలకు ఇంకో తంటా: పెండ్లయినంక ఇంటిపేరు మార్చుకొని కొత్త పేరుతోటి యూనివర్సిటీల చేరుతరు, పదో తరగతి మెమో మీద పాత పేరు. నువ్వు పదో తరగతి మెమోల ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండ రాయి. సీనియారిటీ జాబితా పెట్టిన నాడు నీ పేరు ఉందా లేదా అని చూసి సంబరపడకు. అర్హతల గడి చూడు. అభ్యంతరాలకు ఇచ్చే గడువు శాన చిన్నది.

ప్రమోషన్ ఎప్పుడొస్తదో ఎవరికీ తెల్వదు గదా, ఎందుకీ తిప్పలు అంటవేమో. పన్నెండేళ్ల స్కేలు ఉంది చూడు, ఒకే పోస్టుల పన్నెండేళ్లు నిండితే ప్రమోషన్ రాకున్నా దొరికే పై జీతం, దానికీ పై పోస్టుకు కావాల్సిన అర్హతలే అడుగుతరు. బీఎడ్ లేక ఆ స్కేలు దగ్గర ఆగిపోయినోళ్లు ఉన్నరు. నెలనెలా పోయే పైసలు అవి.

టెట్ సంగతి కూడా దీంట్లకే వస్తది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఐదేళ్లకు పైగ సర్వీసు మిగిలినోళ్లు రెండేళ్లలోపు టెట్ పాస్ కావాలె, ప్రమోషన్ కావాల్నంటే టెట్ ఉండాలె. నాతోటి పని చేసినోళ్లు, తల నెరిసినోళ్లు, మనుమల పుస్తకాలు పక్కన పెట్టి శిశు వికాసం బిట్లు చదువుతున్నరు. నీకు పేపర్-1 ఉంది, అది 1 నుంచి 5 తరగతులకు. ఆరు నుంచి ఎనిమిది చెప్పే పోస్టు మీద కన్ను ఉంటే బీఎడ్ చివర్ల పేపర్-2 కూడా రాసెయ్. టెట్ ఇప్పుడు జీవితాంతం చెల్లుతది, ఏడేళ్ల గడువు 2021లనే పోయింది. తొందరగ రాసినా వృథా కాదు. బీసీలకు పాస్ కావడానికి 150కి 75 రావాలె, చదివిన వేడి మీదనే రాస్తే అది పెద్ద లెక్క కాదు.

డిపార్ట్‌మెంటల్ పరీక్షలు, ఈవో టెస్ట్ (కోడ్ 141), జీవో టెస్ట్ (కోడ్‌లు 88, 97), పబ్లిక్ సర్వీస్ కమిషన్ పెడతది. హెడ్మాస్టర్ కావడానికి అవి కావాలె. ఫీజు వందల్లోనే. వయసున్నప్పుడు రాసి పక్కన పడేయి.

ఇప్పుడు తరగతి. మీ బడిల పిల్లలు ఇంట్ల లంబాడీ మాట్లాడుతరు, పుస్తకంల ఒక పక్క ఇంగ్లిష్, ఒక పక్క తెలుగు. 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం పెట్టినంక ఆరేళ్ల పిల్లకు బడిల వినపడే రెండు భాషలూ పరాయివే. ఈ చిక్కుకు బీఎడ్‌ల జవాబు దొరకదు. ఎంఏ ఇంగ్లిష్‌ల అసలే దొరకదు. అక్కడ షేక్‌స్పియర్ ఉంటడు, "టీచర్, నీళ్లు తాగొస్త" అని ఇంగ్లిష్‌ల ఎట్లా అనిపించాలో ఉండదు. నీ తరగతి కోసం ఇంగ్లిష్ నేర్వాల్నంటే హైదరాబాద్‌ల ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ పీజీసీటీఈ కోర్సు ఉంది, ఇంగ్లిష్ ఎట్లా చెప్పాలో చెప్పేది. బెంగళూరుల దక్షిణ భారత ప్రాంతీయ ఇంగ్లిష్ సంస్థ మన రాష్ట్రం టీచర్లకు కూడా శిక్షణ ఇస్తది. నెల రోజులు ఇల్లు విడిచి పోవాలె, చిన్న పిల్లతోటి నీకు ఇప్పుడు కుదరకపోవచ్చు, కానీ డిప్యుటేషన్ మీద పేర్లు అడిగినప్పుడు "నేను పోత" అని చెయ్యెత్తు. మన జిల్లా నుంచి చెయ్యెత్తేటోళ్లు తక్కువ.

దీక్షా, అదే టీచర్లకు ఆన్‌లైన్‌ల ఉండే ప్రభుత్వ కోర్సుల, సర్టిఫికెట్ల మాట కూడా చెప్పాలె. ఫోన్‌ల వీడియో సౌండ్ తీసేసి నడిపించి, చివర క్విజ్ జవాబులు గ్రూపుల చూసి నొక్కుడు అందరికీ తెలిసిందే. ప్రమోషన్‌కు వాటితోటి ఏమీ రాదు. కానీ చదువు మొదలు పెట్టే పిల్లలకు అక్షరం, శబ్దం ఎట్లా కలపాలో చెప్పే పాఠాలు అండ్ల మంచియి ఉన్నయి. చిన్న పిల్లలకు చదువుడు, రాసుడు, లెక్కల పునాది వేసే తొలిమెట్టు పని చేసేటప్పుడు అవే పనికొస్తయి. ఒక్కటి తీసుకొని నిజంగ చూడు. దాంతో పాటు తండాల ఒక ముసలమ్మ దగ్గర కూర్చొని ఒక వంద లంబాడీ మాటలు రాసుకో. దానికి సర్టిఫికెట్ ఎవరూ ఇయ్యరు. నా దృష్టిల ఈ ఏడు నువ్వు చేయాల్సిన కోర్సు అదే.

మీ బడిల మాట రాని పిలగాడి గురించి రాసినవు గదా. ప్రత్యేక విద్య కోర్సు చేద్దామని ఉంటే చేయి, కానీ దానికి పునరావాస మండలి, అదే ఆర్‌సీఐ, గుర్తింపు ఉండాలె. లేని కోర్సుకు విలువ లేదు. అందాక ఆ పిలగాడిని మండల కేంద్రంల, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రానికి తీసుకపోయి చూపియ్యి. ఆ పనికి కోర్సు అక్కర్లేదు, ఒక పూట పర్మిషన్ చాలు.

ఇంట్ల మీ అత్తమ్మ ఏమంటదో నాకు తెలుసు. రోజూ దేవరకొండ నుంచి తండాకు పోయి వచ్చుడే ఎక్కువ, మళ్లా చదువా అంటది. ఆమెకు పన్నెండేళ్ల స్కేలు లెక్క కాయితం మీద వేసి చూపియ్యి. మీ ఆయనకు మాత్రం వర్క్‌షాపు తారీఖులు ముందే చెప్పి, ఆ రోజుల్లో పిల్లను ఎవరు చూస్తరో తేల్చుకున్నంకనే ఫీజు కట్టు.

వచ్చే రెండో శనివారం నల్లగొండకు వస్తనన్నవు. పదో తరగతి నుంచి డీఎడ్ దాకా మెమోలన్నీ, డిగ్రీ మూడేళ్ల మెమోలు విడివిడిగ, టెట్ మెమో, అపాయింట్‌మెంట్ ఆర్డర్ పట్టుకరా. డీఎస్సీ పట్టిక నేను ప్రింట్ తీసి పెడత. మీ చెల్లె డిగ్రీల ఏ సబ్జెక్టులు తీసుకుందో కూడా అడిగి రా, అది బీఎడ్ కౌన్సెలింగ్‌కు పోతదట.

మీ పెద్దమ్మ